పరదా బండిలోంచి విన్న చార్మినార్

మా ఇంటి వెనక గోడకు ఆనుకుని వరక్ కొట్టేవాళ్ళు కాపురం దిగారు. మిఠాయిల మీద అద్దే వెండిరేకునే మా పట్నంలో వరక్ అంటారు. వెండి ముక్కల్ని తోలు పొరల మధ్య పెట్టి పొద్దస్తమానం సుత్తెతో కొడుతూనే ఉంటే, చివరికి అది ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పలచనవుతుంది. నేను పొద్దున్నే పొయ్యి వెలిగించేసరికి గోడ అవతల ఆ చప్పుడు మొదలవుతుంది. మా ఆయనకు అది తలనొప్పి. శాలిబండలో ఇంకెక్కడా ఇల్లే దొరకనట్టు ఇక్కడే పడి ఉన్నామని రోజూ సణుగుతారు. నేను మాత్రం ఇల్లు మారేది లేదని మొండికేసి కూర్చున్నాను. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, చేతిలో పని ఆగిపోతుంది. పరదాలు దించిన బండిలో మోకాళ్ళు మోకాళ్ళు తగిలేలా కూర్చున్న ఆడపిల్లలు కనబడతారు. ఆ మసకలోంచి ఒక గొంతు "ఎక్కడున్నం బిడ్డా?" అని అడుగుతుంది. ఆ గొంతు ఆగిపోయి ఈ చలికాలానికి ఏడాది కావస్తోంది.

ఆమె పేరు సకీనా బేగం. మా ఆడపిల్లల హైస్కూల్లో ఉర్దూ, చేతిరాత, కుట్టుపని నేర్పేది. ఉస్తానీ అంటే పంతులమ్మ. దానికి మేము 'మా' అని తగిలించి ఉస్తానీమా అని పిలిచేవాళ్ళం. అమ్మను మీరు అనే అలవాటు మా ఇళ్ళలో లేదు, ఆమెనూ నేనెప్పుడూ మనసులో మీరు అనుకోలేదు. ఇక్కడా అలాగే రాస్తాను. పొట్టి మనిషి, బొద్దు చేతులు, వేళ్ళకు ఎప్పుడూ నల్లటి సిరా మరకలు. కోపం వస్తే తిట్టేది కాదు, దగ్గేది. ఆ దగ్గు వింటే మాలో ఎంతటి అల్లరి పిల్లయినా కిక్కురుమనేది కాదు.

మా బాపు జనగామ నుంచి పట్నం కచేరీకి బదిలీ అయి మలక్‌పేటలో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. కచేరీలో అందరూ ఉర్దూ గలగలా మాట్లాడుతుంటే తాను ప్రతి మాటకూ తడుముకోవలసి వస్తోందని ఆయనకు కడుపుమంట. ఆడపిల్లనైనా సరే, నన్ను ఉర్దూ బడిలోనే చదివించాలని పట్టుబట్టాడు. మా అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆమె బాధ చదువు గురించి కాదు, బండి గురించి. కోట గోడ లోపల ఉన్న ఆ బడికి పిల్లల్ని షిక్రం అనే ఎడ్లబండిలో తీసుకువెళ్ళేవాళ్ళు. నాలుగు వైపులా చెక్కలు, వెనక తలుపు, దాని మీద మందపాటి పరదా. పరదా లేకపోతే సగం మంది తల్లిదండ్రులు తమ పిల్లల్ని గడప దాటనివ్వరు. కాబట్టి బండి ఎక్కిన వాళ్ళందరికీ పరదాయే, ఏ ఇంటి పిల్లయినా. బావి దగ్గరికి, గుడికి, అంగడికి గాలిలా తిరిగే నన్ను పెట్టెలో పెట్టి పంపుతున్నారని మా అమ్మ ఏడుపు.

మొదటి రోజు నేనూ ఏడ్చాను. వెనక మెట్టు మీద నిలబడే ముసలామె మా వాకిట్లో "సవారీ ఆగయీ" అని గట్టిగా అరిచింది. బండి వచ్చిందని అర్థం. ఆమెను మామా అనేవాళ్ళు, ఉర్దూలో పనిమనిషి అని. అంతకు మించి ఆమె నోట మరో మాట నేనెన్నడూ వినలేదు. లోపలికి ఎక్కేసరికి చీకటి, కొబ్బరినూనె వాసన, నాకు అర్థం కాని మాటల గలగల. తలుపు పడింది. జనగామలో నేర్చుకున్న నాలుగు ముక్కల ఉర్దూ ఆ గలగలలో ఎక్కడా పనికిరాలేదు. కాసేపు ఓర్చుకుని తర్వాత వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టాను. అప్పుడు మూలనుంచి తెలుగు వినబడింది. అచ్చం మా ఊరి తెలుగు. ఏ ఊరు మీదని అడిగింది. చెప్పాను. తనది భువనగిరి దిక్కని, తన పుట్టింట్లో అందరికీ తెలుగు వచ్చని, ఈ పట్నంలో తెలుగు మాట్లాడి ఎన్నేళ్ళయిందో అని ఆ గొంతు అంది. ఇంతలో చక్రాల చప్పుడు ఉన్నట్టుండి మారిపోయింది. అప్పటిదాకా కిందనుంచి వస్తున్న మోత నెత్తి మీదనుంచి రావడం మొదలైంది. ఎడ్ల మెడలో గంటలు ఎవరో పైనుంచి మళ్ళీ మోగించినట్టు మోగాయి.

"ఇగో, విను బిడ్డా," అంది ఉస్తానీమా నా భుజం మీద చెయ్యి వేసి. "చార్మినార్ కిందికెళ్ళి పోతున్నం. ఎంత మంది మొక్కుకుంటే దొరుకుతదో ఇది. నీకు రోజూ దొరుకుతది. ఇంకెందుకు ఏడుపు?"

నా ఏడుపు ఆగిపోయింది. ఊళ్ళో నా ఈడు పిల్లలెవరూ చార్మినార్‌ను బొమ్మలో కూడా చూడలేదు. నేను రోజూ దాని కిందనుంచి బడికి వెళతానన్న గర్వం ఆ నిమిషంలో పుట్టి, చదువు పూర్తయ్యేదాకా నన్ను వదల్లేదు.

ఆ తర్వాత అది మాకొక ఆట అయింది. బయట ఏముందో చూడకూడదు, విని చెప్పాలి. పది అడుగులకొకసారి ఉస్తానీమా అడిగేది, ఎక్కడున్నామని. ముందుగా బఠానీలు వేయించే వాసన, అక్కడ మలక్‌పేట అయిపోయినట్టు. తర్వాత చార్మినార్ మోత. అది దాటి కుడివైపు తిరగగానే వరక్ సుత్తె చప్పుడు. ఆ చప్పుడుకు ఒక నడక ఉండేది: ఒక పెద్ద దెబ్బ, రెండు చిన్న దెబ్బలు, కాస్త విరామం. ఆ తర్వాత కాగుతున్న లక్క వాసన. అదే ఖైరూ ఇల్లు. తప్పు చెబితే ఉస్తానీమా దగ్గేది. సరిగ్గా చెబితే షాబాష్ అనేది. తరగతిలో వ్యాసం రాయమన్నా ఇదే వరస. బాగుంది, అందంగా ఉంది లాంటి మాటలు రాస్తే కాగితం వెనక్కి ఇచ్చేది. చెవిన ఏం పడిందో, ముక్కుకు ఏం తగిలిందో అది రాయమనేది. తర్వాత రోజుల్లో నేను ఖాజీపేటలో ఆడపిల్లలకు చదువు చెప్పినన్నాళ్ళూ కళ్ళు మూసుకోమని చెప్పిన తర్వాతే పాఠం మొదలుపెట్టానంటే, అది ఆమె పెట్టిన భిక్ష.

బండివాణ్ణి అడిగితే ఏ దారిన పోతున్నామో తెలిసేది కదా అని మీరనవచ్చు. ఆడపిల్లలు బండివాడితో మాట్లాడకూడదు. అతని పేరు కూడా మాకు తెలియదు. మా అమ్మతో కలిసి నడిచి వెళ్ళి గాజులు కొనుక్కున్నప్పుడు నేను అసలు చార్మినార్‌ను చూశాను. దాని దగ్గర ఏ మోతా లేదు, జనం గోల తప్ప. ఎడ్లబండిలో పోతేనే మోగుతుంది కాబోలు అనుకుని సరిపెట్టుకున్నాను.

ఖైరూ అసలు పేరు ఖైరున్నిసా. వాళ్ళ ఇంట్లో అందరూ లక్క గాజులు చేసేవాళ్ళు. పొద్దున వాళ్ళ తలుపు దగ్గర బండి ఆగి మామా "సవారీ ఆగయీ" అని అరవగానే, లోపలినుంచి ప్రతిరోజూ ఒకే జవాబు వచ్చేది: "ఠైరో జీ, చోటీ డాల్ లేరూఁ." ఆగండి, జడ వేసుకుంటున్నానని. ఎప్పుడు వచ్చినా ఆమె జడ సగంలోనే ఉండేది. మిగతా సగం బండిలో నేను అల్లేదాన్ని. చేతులకు లక్క వాసన, నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ, పక్కవాళ్ళ పుస్తకంలోకి తొంగిచూస్తూ, అందరినీ వేళాకోళం చేస్తూ ఉండేది. గాజులు కొనడానికి వచ్చిపోయే వాళ్ళ వల్ల ఆమెకు తెలుగు బాగా వచ్చు. మా స్నేహమంతా ఆ బండిలోనూ, తరగతి గదిలోనూ. ఆమె ఇంటి గడప నేను తొక్కలేదు, నా ఇంటి గడప ఆమె తొక్కలేదు. అలా వచ్చిపోయే వాడుక అప్పుడు లేదు. ఆమె ఇల్లు ఎక్కడని ఎవరైనా అడిగితే, చార్మినార్ దాటాక లక్క వాసన వచ్చేచోట అని తప్ప చెప్పడం నాకు తెలియదు. ఈ మాట గుర్తుంచుకోండి. తర్వాత నన్ను ఏడిపించింది ఇదే.

ఒకరోజు పైనుంచి మోత మొదలవగానే నాకు ఉండబట్టలేదు. అంత గొప్పదాని కిందనుంచి పోతూ లోపలి కప్పునైనా ఒక్కసారి చూడకపోవడమేమిటని పరదా అంచు పట్టుకున్నాను. ఉస్తానీమా చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకుంది. మెత్తటి చెయ్యి, కానీ ఆ రోజు పట్టు గట్టిగా ఉంది. బయట ఎవరికైనా నా వేలు కనబడినా రేపు ఈ బండిలో సగం మంది ఉండరని మెల్లగా చెప్పింది. మోత ఆగిపోయి చాలా దూరం వెళ్ళాక గానీ నా చెయ్యి వదల్లేదు. కోపమేమో అనుకున్నాను.

పెద్ద తరగతికి వచ్చాక, ఒక పొద్దున వరక్ చప్పుడు వినబడింది, లక్క వాసన వచ్చింది, బండి మాత్రం ఆగలేదు. మామా అరవలేదు. నేను జడ అల్లడానికి చేతులు సిద్ధం చేసుకుని అలాగే కూర్చున్నాను. ఖైరూను బడి మాన్పించి పెళ్ళి చేస్తున్నారని బండిలో ఎవరో గుసగుసగా అన్నారు. ఆ రోజు బడి చేరేదాకా ఉస్తానీమా ఎక్కడున్నామని అడగలేదు. మరునాడు మళ్ళీ అడిగింది. అందులో ఒక మార్పు. లక్క వాసన వచ్చేచోట మాత్రం ముందుకంటే గట్టిగా అడిగేది. మేము నెమ్మదిగా చెబితే వినబడలేదని మళ్ళీ చెప్పించేది. బండిలో పిల్లలందరం గొంతు కలిపి "ఖైరూ ఇల్లు" అని అరిచేవాళ్ళం. మరో సంవత్సరానికి నా పెళ్ళి అయ్యేదాకా అది తప్పలేదు. ముసలితనం వస్తోంది, చెవులు వినబడటం లేదేమోనని నేను అనుకునేదాన్ని.

మా ఆయనకు ఖాజీపేటలో రైలు కొలువు. పిల్లలు, సంసారం, నా చిన్న బడి, వీటిలో పడి సంవత్సరాలు గడిచాయి. గడిచాయని రాయడం సులువే. లక్క గాజులమ్మే ముసలి ఎవరైనా వీధిలోకి వస్తే, కొనకపోయినా ఆ గంప దగ్గర కూర్చుని వాసన పీల్చేదాన్ని. నాకు పెళ్ళయ్యాక ఎందరో స్నేహితులయ్యారు. వాళ్ళెవరి జడా నేను సగంలో అందుకోలేదు. నవాబు పాలన పోయి రాజ్యం మారిన తర్వాత ఆయనకు పట్నం బదిలీ అయిందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం వెనకే భయం కూడా వచ్చింది. ఆ గడబిడ రోజుల్లో పట్నంలో చాలా ఇళ్ళకు తాళాలు పడ్డాయని విన్నాను. కొందరు ఊరు వదిలారు, కొందరు దేశమే వదిలారు. ఖైరూ ఉందో లేదో, ఉస్తానీమా ఏమైందో ఎవరు చెబుతారు?

ముందు బడికి వెళ్ళాను. బడి వేరే చోటికి మారిపోయింది, కొత్త ఉస్తానీలు, పరదాలు కట్టిన మోటారు బండి. సకీనా బేగం గారు మానేసి చాలా కాలమైందని తప్ప వాళ్ళకేమీ తెలియదు. ఆ తర్వాత చార్మినార్ చుట్టూ ఉన్న సందులు పట్టుకుని తిరిగాను. లక్క వాసన రాని సందు లేదు. వరక్ చప్పుడూ చాలాచోట్ల ఉంది, ఆ నడక మాత్రం ఎక్కడా లేదు. ఇక ఎవరినైనా అడుగుదామంటే నా దగ్గరున్నది ఒక ఆడమనిషి పేరు. అంగట్లో కూర్చున్న మగవాణ్ణి, ఖైరున్నిసా ఇల్లెక్కడని అడిగితే అతను తల పక్కకు తిప్పుకుంటాడు. ఇంటి ఆడవాళ్ళ పేర్లు వీధిలో పలకరు. వాళ్ళ నాన్న పేరు చెప్పండి, మియా, అంటే మొగుడి, పేరు చెప్పండి అంటారు. అవి నాకు తెలియవు. బండిలో మేము నాన్నల పేర్లు చెప్పుకోలేదు. చివరికి మా ఆయన నవ్వారు. "చార్మినార్ దాటినంక అంటే ఏంది? ఊర్ల సగం ఇండ్లు చార్మినార్ దాటినంకనే ఉన్నయి," అన్నారు. ఆ మాట నిజమే కాబట్టి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం మలక్‌పేటలో ఉన్న మా తమ్ముడి ఇంటినుంచి జట్కాలో వస్తున్నాను. దారిలో జడివాన పట్టుకుంది. జట్కా అతను దిగి, నేను తడుస్తానని చుట్టూ గోనెపట్టాలు దించి కట్టాడు. లోపల చీకటి. ఆ చీకట్లో ఏమీ ఆలోచించకుండా కూర్చున్నాను. ఉన్నట్టుండి గుర్రం డెక్కల చప్పుడు కిందనుంచి పైకి వెళ్ళింది. నెత్తి మీద మోగింది. నాకు తెలియకుండానే "చార్మినార్" అని పైకే అనేశాను.

జట్కా అతను ముందునుంచి నవ్వాడు. "చార్మినార్ ఎక్కడిదమ్మా? గిది దబీర్‌పురా దర్వాజా. మలక్‌పేట నుంచి లోపటికి దీని కిందికెళ్ళే పోతం."

కోట గోడకున్న పాత దర్వాజా. రోజూ మేము దాని కిందనుంచే వెళ్ళాము. అసలు చార్మినార్ ఛాయలకు కూడా మా బండి పోలేదు. ఇన్ని నెలలు నేను ఆ ఇల్లు లేని చోట వెతికాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జట్కా అతను వాన తగ్గింది, పట్టా తీయనా అన్నాడు. తీయవద్దన్నాను. నేను చెప్పినట్టు పొమ్మన్నాను. దర్వాజా దాటి కుడికి తిప్పించాను. కళ్ళు కూడా మూసుకున్నాను, పట్టా సందులోంచి ఏదైనా కనబడితే దారి చెడిపోతుందన్నట్టు. వాన నీళ్ళు చూరుల మీదనుంచి పడుతున్నాయి. ఆ చప్పుడు కింద, సన్నగా, ఒక పెద్ద దెబ్బ, రెండు చిన్న దెబ్బలు. కాస్త విరామం. ఆ తర్వాత తడి గాలిలో లక్క వాసన. ఆపమన్నాను.

పట్టా తీసి దిగాను. పాత చెక్క తలుపు, ఇనుప గొలుసు. అన్నాళ్ళూ ఆ తలుపును నేను చూడనే లేదు కదా, ఇదేనని ఎలా చెప్పను? గొలుసు తట్టి నా పేరు చెబుదామనుకున్నాను. నోట్లోంచి అది రాలేదు. బయట నిలబడి, మామా అరిచినట్టే, "సవారీ ఆగయీ" అని అరిచాను.

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఈ ఇల్లు కాదు, పొరపాటు పడ్డాను అని వెనక్కి తిరగబోతుంటే, తలుపు అవతలినుంచి, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో జవాబు వచ్చింది. "ఠైరో జీ, చోటీ డాల్ లేరూఁ."

ఆ గడప మొదటిసారి ఆ రోజు తొక్కాను. ఖైరూ లావయింది, ముందు పన్ను ఒకటి లేదు, చేతులకు అదే వాసన. పెళ్ళయి ఎంత దూరం వెళ్ళావని అడిగితే నవ్వింది. పెదనాన్న కొడుకునే చేసుకుందట, ఆ గదిలోంచి ఈ గదిలోకి వచ్చిందట, మధ్యలో వాకిలి. నేను తనకోసం చార్మినార్ చుట్టూ తిరిగిన కథ చెబితే పొట్ట పట్టుకుంది. ఆమె రోజూ దర్వాజా దాటిన తర్వాత ఎక్కేది, తిరుగు దారిలో దర్వాజా రాకముందే దిగేది. కాబట్టి మా ఆటలో ఆ ముక్క ఆమెకు ఎన్నడూ రాలేదు. చార్మినార్ దాటి వచ్చామని మేమంటే, ముందు అటువైపు పిల్లలను ఎక్కించుకుని చుట్టు తిరిగి వస్తున్నామని అనుకునేదట. నవ్వులయ్యాక ఆమె ఉన్నట్టుండి మెల్లబడింది.

"పెండ్లయినంక పొద్దుగాల పొద్దుగాల తలుపు ఎన్క నిలబడేదాన్ని," అంది. "బండి మా ముంగటికి రాంగనే ఉస్తానీమా గట్టిగ అడిగేది, ఎక్కడున్నం అని. మీరందరు ఖైరూ ఇల్లు అని ఒర్లేటోళ్ళు. నా పేరు ఇనబడ్డంక మల్ల పనిల పడేదాన్ని. ఆమెకు తెలుసు అండాలూ, నేను నిలబడ్తనని."

నా పేరు అండాళు. పుట్టింట్లో తప్ప ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్ళు లేరు. ఉస్తానీమాకు చెవులు వినబడటం లేదని ఎంత తేలిగ్గా అనుకున్నాను అప్పట్లో. ఖైరూ భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఆమె నా జడ విప్పి మళ్ళీ అల్లింది, తన బాకీ తీర్చుకుంటున్నానంది.

ఉస్తానీమా యాకుత్‌పురాలో తమ్ముడి కొడుకు దగ్గర ఉంటోందని ఖైరూకు తెలుసు. ఇద్దరం వెళ్ళాం. మోకాళ్ళ నొప్పులతో మంచం పట్టి ఉంది. మనిషి ఇంకా పొట్టిగా అయినట్టుంది. నన్ను చూపుతో పోల్చుకోలేదు. గొంతు విని పోల్చుకుంది, నోరారా తెలుగు మాట్లాడింది. అసలు సంగతి చెప్పాలా వద్దా అని నేను తటపటాయిస్తుంటే ఖైరూ నోరు ఆగలేదు. ఉస్తానీమా, మీ చార్మినార్ చార్మినార్ కాదట, దబీర్‌పురా దర్వాజా అట అని చెప్పేసింది. ఉస్తానీమా నవ్వుతుందనుకున్నాం. ఆమె నవ్వలేదు. దుప్పటి అంచు వేళ్ళతో మడుస్తూ కూర్చుంది.

"నేను పెండ్లిబిడ్డగ మేనాల వచ్చిన," అంది చివరికి. "నాలుగు దిక్కుల పరదా. ఒక్కపారి బోయీల అరుపు నెత్తి మీద మోగింది. గుండె ఝల్లుమన్నది. ఏందని అడుగుదమంటె పక్కన అత్తమ్మ. పట్నంల గింత పెద్దగ మోగేది ఇంకేముంటది, చార్మినారే అనుకున్న. మియా పోయినంక బడిల చేరిన, ఇంట్లకెళ్ళి బండిల, బండిలకెళ్ళి బడిల. ఎవల్ని అడగాలె? నువ్వు ఏడుస్తుంటె నా దగ్గర ఉన్నది అదొక్కటే. అదే ఇచ్చిన." నా వైపు తిరిగింది. "ఆ రోజు పరదా కాడ నీ చెయ్యి పట్టుకున్న, యాదున్నదా? నిన్ను ఆపనీకె అనుకున్నవు. నీకన్న ముంగట నేను లేపుదునని నా చెయ్యిని నేను పట్టుకున్న."

తర్వాత మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ అడిగింది. "అయితె ఇన్నేండ్లు ఈ పట్నంల ఉండి నేను చార్మినార్ చూడనే లేదా?"

మోకాళ్ళు సహకరించకపోయినా, తమ్ముడి కొడుకు గొణిగినా, ఆ వారమే ఆమెను పరదా కట్టిన జట్కాలో ఎక్కించుకుని తీసుకువెళ్ళాం. చార్మినార్ ముందు జట్కా ఆపించి, ఉస్తానీమా చేతికి పరదా అంచు అందించాను. ఆమె రెండు వేళ్ళతో కొంచెం జరిపి చూసింది. ఎండలో మెరుస్తున్న మినార్లు, పావురాలు, గాజుల అంగళ్ళు, అరుపులు. చాలాసేపు చూసింది. మస్తుగుంది అంది. ఇంకా కాసేపు చూసి, ఇది మోగదా అని అడిగింది. బండ్లు దాని చుట్టూ తిరిగి పోతాయి గానీ కిందనుంచి పోవని చెప్పాను. పరదా వదిలేసింది. "మన దానికి తోలుకపోండ్రి," అంది.

జట్కాను దబీర్‌పురా వైపు తిప్పించాం. దర్వాజా దాటి బయటికి వెళ్ళి, మళ్ళీ మలక్‌పేట వైపునుంచి లోపలికి తిరిగాం, మా బండి వచ్చినట్టే. ఉస్తానీమా కళ్ళు మూసుకుంది. ఒక చెయ్యి నా చేతిలో, ఒక చెయ్యి ఖైరూ చేతిలో. డెక్కల చప్పుడు నెత్తి మీదికి ఎక్కగానే ఆమె అడిగింది, "ఎక్కడున్నం బిడ్డా?" నేను నోరు తెరిచేలోపే ఖైరూ చెప్పింది. ఆ మోత కిందనుంచి మాతో కలిసి ఆమె రావడం అదే మొదలు. "చార్మినార్, ఉస్తానీమా," అంది. "షాబాష్," అంది ఉస్తానీమా.

ఆ చలికాలంలోనే ఆమె కన్నుమూసింది. ఖైరూ ఇంటికి నేను ఇప్పుడు తరచూ వెళతాను. దర్వాజా కిందికి రాగానే కళ్ళు మూసుకుంటాను, ఎవరైనా అడుగుతారేమోనని ఒక్క నిమిషం ఎదురుచూస్తాను. ఎవరూ అడగరు. అయినా జవాబు చెప్పుకుంటాను. కాసేపటికి లక్క వాసన వస్తుంది. అక్కడ మాత్రం పైకే, గట్టిగా, తలుపు వెనక ఉన్న మనిషికి వినబడేలా, ఖైరూ ఇల్లు అని చెబుతాను.